నల్లబట్టల ఏడాది

థాయ్‌లాండ్ రాజు భూమిబల్ అదుల్యదేజ్ 2016లో కన్నుమూశారు. ఆ దేశం ఏడాది పాటు సంతాపం పాటించింది. ఆ ఏడాదిలో జనం ఏడ్చి ఊరుకోలేదు. వండారు, వడ్డించారు, ఊడ్చారు, పూలు చేశారు, పూలు పెంచారు.

బ్యాంకాక్‌లో చావో ఫ్రాయా నదికి పడమటి గట్టున సిరిరాజ్ ఆసుపత్రి ఉంది. 2016 అక్టోబరు రెండో వారంలో దాని ఆవరణలో కాలు పెట్టే చోటు లేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది గులాబీ రంగు చొక్కాలు వేసుకున్నారు, కొందరు పసుపువి. భూమిబల్ రాజు సోమవారం పుట్టారు. థాయ్ ఆచారంలో సోమవారం రంగు పసుపు. గులాబీ రంగు ఆయన ఆరోగ్యానికి కలిసొస్తుందని జ్యోతిషులు చెప్పారట. 2007లో ఆయన ఇదే ఆసుపత్రి నుంచి గులాబీ కోటు వేసుకుని బయటికి రావడంతో ఆ రంగు చొక్కాలకు దేశమంతటా గిరాకీ వచ్చిపడింది. తొమ్మిదేళ్ళ తర్వాత జనం మళ్ళీ ఆ చొక్కాలే తీశారు. రాజుగారి ఫొటోలు ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుని, చేతులు జోడించి బౌద్ధ సూత్రాలు వల్లిస్తూ ఉండిపోయారు.

అక్టోబరు 13, గురువారం మధ్యాహ్నం 3 గంటల 52 నిమిషాలకు ఆయన పోయారు. వయసు 88. సాయంత్రం ఏడు గంటల వేళకు టీవీలో ప్రకటన చదివారు. ఆసుపత్రి ఆవరణలో అప్పటిదాకా సాగిన మంత్రపఠనం ఏడుపులో కలిసిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కొందరు నేలకు తల ఆనించి అలాగే ఉండిపోయారు. ఆయన 1946 జూన్ 9న రాజయ్యారు. అంటే ఆ రాత్రి ఆ దేశంలో ఉన్న దాదాపు ఆరు కోట్ల ఎనభై లక్షల మందిలో చాలామందికి పుట్టి బుద్ధెరిగాక తెలిసిన రాజు ఆయన ఒక్కరే. ప్రధానులు వచ్చారు, పోయారు. సైన్యం తిరుగుబాట్లు చేసింది, రాజ్యాంగాలు మారాయి. నోటు మీద బొమ్మ మాత్రం మారలేదు.

మర్నాడు సాయంత్రం భౌతికకాయాన్ని ఒక వ్యానులో నది దాటించి రాజప్రాసాదానికి తీసుకెళ్ళారు. దారికి రెండు పక్కలా నల్లబట్టల్లో జనం. పొద్దున్నుంచీ ఎండలో కూర్చున్నవాళ్ళు వాహనం దగ్గర పడగానే తలలు నేలకు వంచారు. ఆ దారిలో కూర్చున్న పెద్దవాళ్ళలో కొందరికైనా డెబ్బై ఏళ్ళ కిందటి ఇంకో ప్రయాణం గుర్తొచ్చి ఉంటుంది. 1946 జూన్‌లో అన్న ఆనంద మహిదల్ రాజు ప్రాసాదంలోనే తుపాకి గుండు తగిలి చనిపోయారు. పద్దెనిమిదేళ్ళ తమ్ముడు అనుకోకుండా రాజయ్యాడు. చదువు పూర్తిచేయడానికి ఆగస్టులో స్విట్జర్లాండ్ బయల్దేరాడు. కారు జనం మధ్యలోంచి కదులుతుంటే ఎవరో గొంతెత్తి, ప్రజల్ని విడిచిపెట్టొద్దని అరిచారు. మీరు నన్ను విడిచిపెట్టకపోతే నేను మిమ్మల్ని ఎలా విడిచిపెడతానని బదులు చెప్పాలనిపించిందనీ, కానీ కారు ముందుకు పోయిందనీ ఆయన తర్వాత రాసుకున్నారు. థాయ్ పిల్లలందరూ వినే కథ ఇది. 2016లో కారుకు ఇవతల నిలబడ్డవాళ్ళు తమ వంతు మాట నిలబెట్టుకోవడానికి వచ్చినట్టే వచ్చారు.

ఆయన ప్రాణం పోయిన ఆసుపత్రి కథ కూడా చెప్పుకోవాలి. భూమిబల్ తాతగారు చులలాంగ్‌కార్న్ రాజు. ఆయన కొడుకుల్లో ఒకడు, ఏడాదిన్నర పసివాడు సిరిరాజ్, 1887లో విరేచనాలతో చనిపోయాడు. రాజుల ఇంటి అంత్యక్రియలకు కలపతో పెద్ద మండపాలు కట్టడం అక్కడి సంప్రదాయం. అప్పటికే పెద్ద ఆసుపత్రి కట్టించే ఆలోచనలో ఉన్న రాజు, అంత్యక్రియలు కాగానే ఆ కట్టడాల సామాను ఆసుపత్రి కోసం ఇప్పించారు. 1888లో తెరిచిన ఆ ఆసుపత్రికి బిడ్డ పేరు పెట్టారు. బిడ్డ పోయిన దుఃఖంలోంచి ఊరికి వైద్యం పుట్టింది. ఆ తర్వాత దాదాపు నూట ముప్ఫై ఏళ్ళకు ఆ వంశంలోనే ఇంకొకరు పోయినప్పుడు జనం చేసిన పనులు చూస్తే, ఈ గుణం రాజుల ఇంటికే పరిమితం కాదనిపిస్తుంది.

నలుపు దొరకని ఊరు

ప్రభుత్వోద్యోగులు ఏడాది పాటు నలుపు కట్టాలన్నారు. జెండాలు ముప్ఫై రోజులు సగం ఎత్తులో ఎగిరాయి. వినోద కార్యక్రమాలు వాయిదా పడ్డాయి. టీవీ ఛానళ్ళు, వార్తా వెబ్‌సైట్లు రంగులు తీసేసి నలుపు తెలుపుల్లోకి మారాయి. ఇదంతా ప్రభుత్వం చెప్పినందుకు జరిగింది. బజారులో జరిగింది వేరు. రెండు మూడు రోజుల్లో బ్యాంకాక్‌లో నల్లచొక్కా దొరకడం గగనమైపోయింది. ధరలు పెంచినవాళ్ళను అధికారులు హెచ్చరించాల్సి వచ్చింది.

అప్పుడు మొదలైంది బట్టలకు రంగు వేయడం. పేవ్‌మెంట్ల మీద పెద్ద పెద్ద డేగిసాలు పెట్టి, గ్యాసు పొయ్యిల మీద నీళ్ళు మరిగించి నల్లరంగు కలిపారు. ఇంట్లో ఉన్న ఎర్రచొక్కా, పూలచొక్కా ఏదైనా సరే తెచ్చి ఇస్తే ముంచి తీసి దండెం మీద ఆరేసి ఇచ్చేవాళ్ళు. కొన్నిచోట్ల కాస్త డబ్బు తీసుకున్నారు, స్వచ్ఛందంగా చేసినవాళ్ళు ఊరికే చేసిపెట్టారు. రంగు వేసినవాళ్ళ మోచేతుల దాకా నలుపే. అదీ కుదరనివాళ్ళు భుజానికి నల్ల రిబ్బను గుచ్చుకున్నారు.

నలుపు కట్టనివాళ్ళను నిలదీసిన సంఘటనలూ ఉన్నాయి. సోషల్ మీడియాలో ఫొటోలు పెట్టి తిట్టారు. కొనే స్తోమత లేనివాళ్ళుంటారు, దొరకనివాళ్ళుంటారు, తొందరపడి మాట అనొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. దుఃఖం అందరికీ ఒకేలా కనపడాలని పట్టుబట్టేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. చనిపోయినవారి మీద ప్రేమతోనే అలా చేస్తారు గానీ, పక్కవాడి శోకాన్ని కొలవడానికి వాళ్ళకు ఏ అధికారమూ లేదు.

కోటీ ఇరవై ఏడు లక్షల నమస్కారాలు

ప్రాసాదం ముందు సనామ్ లువాంగ్ అనే పెద్ద మైదానం ఉంది. రాజుల దహనాలు జరిగేది అక్కడే. అక్టోబరు 22న లక్షన్నర మందికి పైగా నల్లబట్టల్లో ఆ మైదానంలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ నిలబడి రాజగీతం పాడారు. రాజకుటుంబానికే చెందిన సినీ దర్శకుడు ఛాత్రిచలెర్మ్ యుకల్ దాన్ని చిత్రీకరించారు. తెర మీద ఆ పాట విన్నవాళ్ళెవరికైనా గొంతుకలో ఏదో అడ్డం పడుతుంది. చాలామంది మధ్యలో పాడలేక ఆగిపోయారు, పక్కవాళ్ళు అందుకున్నారు.

అక్టోబరు 29 నుంచి దుసిత్ మహాప్రాసాద్ సభామంటపంలోకి సామాన్యులను అనుమతించారు. లోపల ఎత్తైన వేదిక మీద బంగారు కలశం, పైన తొమ్మిది అంతరువుల ఛత్రం. పూర్వం రాజుల శరీరాన్ని కలశంలోనే ఉంచేవారు. ఇప్పుడు పేటికలో ఉంచి, కలశాన్ని గుర్తుగా పెట్టారు. తెల్లవారుజామునే వచ్చి, గంటల తరబడి ఎండలో, వానలో వరుసలో నిలబడి లోపలికి వెళితే దక్కేది ఒక్క సాష్టాంగ నమస్కారానికి పట్టేంత సేపు. అంతే, లేచి పక్కవారికి చోటివ్వాలి. 2017 అక్టోబరు 5 దాకా ఇలా కోటీ ఇరవై ఏడు లక్షల మందికి పైగా వచ్చి వెళ్ళారు. కొండజాతులవాళ్ళు తమ కుట్టుపని బట్టలతో వచ్చారు, దక్షిణాది ముస్లింలు వచ్చారు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్ళు వచ్చారు. రెండోసారి, మూడోసారి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

మనకూ జనసంద్రాలు కొత్త కాదు. 1996 జనవరిలో ఎన్టీఆర్ పోయినప్పుడు హైదరాబాద్ రోడ్లు, 2009 సెప్టెంబరులో వైఎస్ పోయినప్పుడు ఊరూరా పెట్టిన ఫొటోలు, దండలు మన కళ్ళముందు జరిగినవే. అయితే ఆ పోటు కొద్ది రోజుల్లో తీసింది. బ్యాంకాక్‌లో పదకొండు నెలలు తీయలేదు. అంతకాలం ఒక వరుస నిలవాలంటే ఏడుపు ఒక్కటే సరిపోదు, దానికి వెనక పెద్ద ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటులో చాలా భాగం జనమే చేసుకున్నారు.

మైదానం చుట్టూ గుడారాలు వెలిశాయి. అన్నం, నూడుల్సు, చల్లని నీళ్ళు, పండ్లు అన్నీ ఉచితం. మోటారు సైకిల్ టాక్సీలవాళ్ళు నారింజ రంగు చొక్కాల్లో వచ్చి, దూరం నుంచి వచ్చినవాళ్ళను పైసా తీసుకోకుండా మైదానం దాకా దింపారు. రోజు కూలి మీద బతికే మనుషులు వాళ్ళు. మంగలివాళ్ళు ఊరికే క్షవరం చేశారు. వైద్య విద్యార్థులు బీపీ చూశారు. ఎండకు కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళ కోసం కుర్రాళ్ళు యాదమ్ సీసాలు పట్టుకుని వరుసల వెంట తిరిగారు. కర్పూరం, పుదీనా వాసనల చిన్న గొట్టం అది, థాయ్ జేబుల్లో ఎప్పుడూ ఉంటుంది. ఇంకొందరు ప్లాస్టిక్ సంచులు పట్టుకుని, వరుసలో నిలబడ్డవాళ్ళ చేతుల్లోంచే ఖాళీ గ్లాసులు, పొట్లాలు అడిగి తీసుకుని వేరు చేశారు. నాన్న కోసం మంచిపని చేద్దామన్నది అప్పట్లో అందరి నోటా వినపడిన మాట. థాయ్‌లు ఆయన్ని నాన్న అనే పిలిచేవారు, ఆయన పుట్టినరోజు డిసెంబరు 5ను తండ్రుల దినంగా జరుపుకుంటారు.

ఈ గుడారాల గురించి చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఏమీ చేయలేకపోవడమే అసలు నరకం. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చే పని, చాపలు పరిచే పని ఎవరికైనా అప్పజెబితే ఆ మనిషి కాస్త నిలదొక్కుకుంటాడు. అక్కడ ఒక దేశమంతా అదే చేసింది.

మూడు తామర పూలు

ఇంత ప్రేమ ఎక్కడి నుంచి వచ్చింది? డెబ్బై ఏళ్ళు సింహాసనం మీద ఉంటే గౌరవం రావచ్చు, ఇలా కోటిమంది తరలిరారు. దీనికి జవాబు రాజధానిలో దొరకదు, ఈశాన్య థాయ్‌లాండ్ పల్లెల్లో వెతకాలి. ఆ ప్రాంతాన్ని ఈసాన్ అంటారు. వానలు వస్తే ముంపు, పోతే కరువు, ఇసుక నేల, పేదరికం. 1955 నవంబరులో రాజు, రాణి సిరికిట్ ఆ ప్రాంతమంతా తిరిగారు.

నవంబరు 13న నఖొన్ ఫనోమ్‌లో రోడ్డు పక్కన ఒక అవ్వ నిలబడి ఉంది. వయసు 102. రాజుగారికి ఇద్దామని పొద్దున్నే మూడు తామర పూలు తెచ్చుకుంది. ఎండకు అవి వడలి తలలు వేలాడేశాయి. ఆయన ఎదురుగా వచ్చేసరికి వాటినే రెండు చేతులా నెత్తి మీదికి ఎత్తింది. ఆయన వంగారు, ఇంకా వంగారు, ఆయన ముఖం ఆ అవ్వ తల దాకా దిగింది. ఆమె నోట్లో పళ్ళు లేవు, నవ్వు మాత్రం ముఖమంతా ఉంది. ఆస్థాన ఫొటోగ్రాఫర్ తీసిన ఆ నలుపు తెలుపు చిత్రం థాయ్ ఇళ్ళలో, దుకాణాల్లో, బడుల్లో ఇవాళ్టికీ కనపడుతుంది. రాజు ముందు నేలమీద పాకుతూ వెళ్ళడం మర్యాదగా ఉన్న దేశం అది. అక్కడ రాజే వంగిన బొమ్మ అది. అందుకే అన్ని ఇళ్ళకు చేరింది.

ఆ తర్వాత పాతికేళ్ళ పాటు ఆయన దేశంలో తిరగని మూల లేదు. ఆ కాలపు ఫొటోలన్నిట్లో ఒకే వేషం: మెడలో కెమెరా, చేతిలో నాలుగైదు మడతలు పెట్టిన పెద్ద మ్యాపు, పెన్సిలు. ఒక ఫొటోలో ముక్కు కొసన చెమటబొట్టు వేలాడుతుంటుంది. ఆ చెమటబొట్టును ఎన్ని కోట్ల క్యాలెండర్ల మీద అచ్చు వేశారో చెప్పలేం. ఉత్తరాది కొండల్లో డోయ్ పుయ్ అనే చోట నల్లమందు పండించే మోంగ్ రైతుల దగ్గరికి వెళ్ళి, ఇంకేం పండిస్తారని అడిగారు. పీచ్ పండ్ల మీద కూడా దాదాపు అంతే వస్తుందని తెలిసింది. నల్లమందు మొక్క పీకేయమని ఆజ్ఞ ఇచ్చే బదులు పీచ్, స్ట్రాబెర్రీ, కాఫీ, కూరగాయల సాగు నేర్పించారు. 1969లో మొదలైన ఈ రాచ ప్రాజెక్టు పంటలు డోయ్ ఖామ్ పేరుతో ఇవాళ ప్రతి సూపర్ మార్కెట్లో ఉంటాయి. బ్యాంకాక్‌లో ఆయన నివాసం చిత్రలద ప్రాసాదం ఆవరణలోనే వరిమడి, పాడి, బియ్యపు మిల్లు, చేపల చెరువు. మురికినీటిని శుద్ధిచేసే చైపత్తన యంత్రానికి 1993లో ఆయన పేరు మీదే పేటెంటు వచ్చింది. 2006లో ఐక్యరాజ్య సమితి మానవాభివృద్ధి పురస్కారం కోఫీ అన్నన్ స్వయంగా వచ్చి ఇచ్చారు.

సాక్సోఫోన్ వాయించేవారు. 1960లో న్యూయార్క్‌లో బెన్నీ గుడ్‌మన్ వంటి వాళ్ళతో కలిసి వాయించారు. స్వయంగా నలభై పైగా పాటలకు బాణీలు కట్టారు. పడవ పందెంలో 1967 ఆగ్నేయాసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచారు, పెద్దకూతురు కూడా అదే పతకం పంచుకుంది. ఇవన్నీ గొప్పే. జనం మాత్రం ఒక టూత్‌పేస్ట్ గొట్టం గురించే ఎక్కువ చెప్పుకుంటారు. చులలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయ దంతవైద్య విభాగంలో అది ఉంది. అడుగు నుంచి మూత దాకా బ్రష్షుతో నొక్కి నొక్కి, కాగితంలా అయ్యేదాకా వాడిన గొట్టం. మూత మెడ దగ్గర కూడా నొక్కిన ఆనవాళ్ళుంటాయి. మా నాయనమ్మ కూడా ఇలాగే వాడేదని ప్రతి థాయ్ కుటుంబమూ అనుకోగలిగే వస్తువది.

మాట్లాడకూడని మాట

ఈ ప్రేమ కథలో ఒక చట్టం కూడా ఉంది, దాన్ని వదిలేసి రాస్తే నిజం సగమే చెప్పినట్టు. థాయ్ శిక్షాస్మృతి 112వ సెక్షన్ ప్రకారం రాజును, రాణిని, యువరాజును కించపరిస్తే ఒక్కో అభియోగానికి మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. రాజుగారికి తోంగ్‌దేంగ్ అనే వీధికుక్క అంటే ప్రాణం. చేరదీసి పెంచుకున్నారు, 2002లో దాని మీద ఒక పుస్తకమే రాశారు. 2015 డిసెంబరులో ఆ కుక్క గురించి ఇంటర్నెట్‌లో వెటకారంగా రాశాడని ఒక ఫ్యాక్టరీ కార్మికుడి మీద కేసు పెట్టారు. అది రాజుగారు చేయించింది కాదు. తన మీద విమర్శ ఉండకూడదనుకోవడం సరికాదని ఆయన 2005 పుట్టినరోజు ప్రసంగంలో బాహాటంగానే అన్నారు. అయినా కేసులు తగ్గలేదు, 2006, 2014 సైనిక తిరుగుబాట్ల తర్వాత పెరిగాయి. సంతాప సంవత్సరంలోనూ పెట్టారు.

జనం పాట పాడిన సనామ్ లువాంగ్ మైదానానికి ఆనుకుని తమ్మసాత్ విశ్వవిద్యాలయం ఉంది. 1976 అక్టోబరు 6న పోలీసులు, మితవాద మూకలు కలిసి ఆ ప్రాంగణంలో విద్యార్థులను ఊచకోత కోశారు. అధికారిక లెక్కే నలభై ఆరు మంది. కొన్ని శవాలను ఆ మైదానం చెట్లకు వేలాడదీసి కొట్టారు. మూడేళ్ళ ముందు, 1973 అక్టోబరులో, సైనిక పాలన తుపాకుల నుంచి పారిపోయి వచ్చిన విద్యార్థులకు ఇదే రాజు చిత్రలద ప్రాసాదం గేట్లు తెరిపించారు. 1992 మేలో వీధుల్లో నెత్తురు పారుతుంటే మాజీ సైన్యాధిపతి అయిన ప్రధానిని, ఉద్యమ నాయకుణ్ణి పిలిపించి టీవీ కెమెరాల ముందు నేలమీద కూర్చోబెట్టి ఆపమన్నారు, ఆగింది. 1976లో మాత్రం ఆయన నుంచి అలాంటి మాట రాలేదు. చనిపోయిన విద్యార్థుల తల్లిదండ్రులు దాన్ని మర్చిపోలేదు.

నల్లబట్టలు కట్టిన కోటిమందిలో ఎందరు మనసారా ఏడ్చారు, ఎందరు భయానికి, మొహమాటానికి కట్టారు అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిన ప్రశ్నే. చట్టం మనిషి నోరు మూయించగలదు, వేషం వేయించగలదు. కానీ మోటారు సైకిల్ టాక్సీవాడి చేత తన పెట్రోలు పోసుకుని ఊరికే జనాన్ని మోయించలేదు. ఎండలో చెత్త ఏరించలేదు. అందుకే ఆ దుఃఖం నిజమని నేను నమ్ముతాను. నిజమైన దుఃఖానికి చట్టం కాపలా అక్కర్లేదని కూడా అంతే గట్టిగా నమ్ముతాను. 2020లో విద్యార్థులు అదే మైదానానికి వచ్చి రాచరికాన్ని సంస్కరించాలని బహిరంగంగా అడిగి, ఈ దేశం ప్రజలదని రాసిన ఇత్తడి ఫలకాన్ని నేలలో పాతారు. ఒక్క రోజు తిరక్కుండానే దాన్ని పెకలించేశారు. పాతినవాళ్ళలో నాయకులు జైళ్ళకు వెళ్ళారు. అంతకు నాలుగేళ్ళ ముందు అక్కడ కళ్ళు తుడుచుకున్నవాళ్ళ పిల్లలే వాళ్ళలో చాలామంది అయ్యుంటారు.

చెక్కపూలు, బంతిపూలు

దహనానికి ఏడాది పట్టింది, ఎందుకంటే మేరుపర్వతం కట్టాలి. థాయ్ రాజు విష్ణువు అంశ అనీ, పోయాక మేరువు మీదికే తిరిగి వెళతాడనీ అక్కడి భావన. అందుకని ప్రతి రాజుకూ సనామ్ లువాంగ్‌లో మేరువును కొత్తగా కట్టి, పని కాగానే విప్పేస్తారు. భూమిబల్ కోసం కట్టినది 50.49 మీటర్ల ఎత్తు, తొమ్మిది శిఖరాలు. చక్రీ వంశంలో ఆయన తొమ్మిదో రాముడు. చుట్టూ గరుడులు, దేవతలు, హిమవంతంలో తిరిగే ఏనుగులు, సింహాలు. కట్టడం ముందు మైదానంలో నిజంగా వరిమడి వేశారు. థాయ్ తొమ్మిది అంకె ఆకారంలో గట్టు తీశారు. వట్టివేరు నాటారు, చిన్న చెక్‌డ్యామ్ కట్టారు, చైపత్తన యంత్రాన్ని పెట్టారు. వేదిక మీద దేవతల మధ్య తోంగ్‌దేంగ్ కుక్క శిల్పం కూడా ఉంది. స్వర్గానికి కుక్క వెంట రావడం మనకు మహాప్రస్థానిక పర్వం నుంచి తెలిసిందే.

దేశమంతా ఈ లోపు వేరే పనిలో ఉంది. థాయ్ ఆచారంలో దహనానికి వచ్చే ప్రతి ఒక్కరూ చితి మీద ఒక గంధపు చెక్కపువ్వు పెడతారు. అందరికీ గంధపు చెక్క ఎక్కడ దొరుకుతుంది? పల్చటి చెక్క పొరలు, మొక్కజొన్న పొత్తుల ఆకులు, కాగితం తీసుకుని బడుల్లో, జైళ్ళలో, ఆఫీసుల్లో, వృద్ధాశ్రమాల్లో కోట్లకొద్దీ చేశారు. ఆకును తడిపి మెత్తబరిచి, రేకుల ఆకారంలో కత్తిరించి, అంచు వేలితో వంచి, ఆరు రేకులు ఒక పుల్ల చుట్టూ దారంతో కట్టాలి. చాలామంది డాఫొడిల్ పువ్వు ఆకారాన్ని ఎంచుకున్నారు. స్విట్జర్లాండ్‌లో చదువుకునే రోజుల్లో ఆయన సిరికిట్‌కు ఇచ్చింది ఆ పువ్వని చెప్పుకుంటారు. ఇంకోపక్క రైతులు, కార్యాలయాలు, బళ్ళు బంతి నారు పోశాయి. ఆయన రంగు పసుపు కదా, అక్టోబరు చివరికి పూతకు వచ్చేలా లెక్క చూసుకుని నాటారు. నల్లబట్టల మధ్య ఊళ్ళన్నీ పచ్చగా పూసి ఉన్నాయి.

2017 అక్టోబరు 26. రెండు రోజుల ముందు నుంచే జనం చాపలు, గొడుగులు తెచ్చుకుని రోడ్ల మీద పడుకున్నారు. వానకు తడిశారు, అక్కడే ఆరారు. పొద్దున్నే కలశాన్ని మహా విజయ రథం మీదికి ఎక్కించారు. 1795లో మొదటి రాముడు తన తండ్రి అస్థికల ఊరేగింపు కోసం చేయించిన టేకు రథం అది. బరువు దాదాపు పద్నాలుగు టన్నులు. రెండువందల మందికి పైగా సైనికులు ఎర్రటి దుస్తుల్లో మోకులు పట్టి లాగారు. డప్పుల దెబ్బకు ఒక అడుగు, దెబ్బకు ఒక అడుగు. భూటాన్ రాజు, రాణి సహా అనేక రాజకుటుంబాల వాళ్ళు వచ్చారు. అంతకుముందు ఏడాది నవంబరులో మన ప్రధాని మోదీ జపాన్ వెళుతూ బ్యాంకాక్‌లో ఆగి నివాళి అర్పించి వెళ్ళారు. రాజధానికి రాలేనివాళ్ళ కోసం ప్రతి రాష్ట్రంలోనూ చిన్న మేరువు కట్టారు, అక్కడే చెక్కపూలు సమర్పించారు.

ఆ రాత్రి చితి దగ్గర మౌనం లేదు. మైదానంలో మూడు వేదికల మీద తెల్లవార్లూ ప్రదర్శనలు సాగాయి. ఒకచోట ముసుగులు, కిరీటాలు ధరించి రామకియన్ ఆడారు, థాయ్ రామాయణం అది. ఒకచోట బొమ్మలాట. మూడోచోట రాజుగారు స్వరపరిచిన పాటలు. మన పల్లెల్లో దినం నాటి రాత్రి భజనలు, ఒగ్గుకథలు పెట్టించడం చూసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. దూరాన్నుంచి చూసిన కొందరు విదేశీ విలేకరులకు మాత్రం వింతే అయింది. చావు రాత్రి ఒంటరిగా గడవకూడదన్న తెలివి రెండు చోట్లా ఒకటే.

ఆ నెలాఖరుతో నలుపు తీసేశారు. విప్పే ముందు మేరువును జనం చూడడానికి తెరిచి ఉంచితే, మళ్ళీ వరుసలు కట్టి వచ్చారు. వరిచేను దగ్గర నిలబడి ఫొటోలు దిగారు, పిల్లలకు కుక్క బొమ్మ చూపించారు.

వాన

అక్టోబరు 13 ఇప్పుడు థాయ్‌లాండ్‌లో సెలవు రోజు. డిసెంబరు 5 ఎప్పటిలాగే తండ్రుల దినం. బ్యాంకాక్ నడిమధ్యన పాత గుర్రప్పందాల మైదానాన్ని తీసుకుని ఆయన పేరిట పెద్ద పార్కు పని మొదలుపెట్టారు. 2022లో అక్కడ ఆయన కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. వాననీళ్ళు నగరాన్ని ముంచకుండా పట్టి ఉంచే చెరువులను ఆ పార్కులో భాగంగా తవ్వారు. 2025 అక్టోబరు 24న సిరికిట్ రాజమాత కూడా 93 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. నల్లబట్టలు మళ్ళీ బయటికి వచ్చాయి.

నావరకు ఆయన స్మారకాల్లో అన్నిటికన్నా గొప్పది వేరే ఉంది. ఆ అవ్వ తామర పూలు ఇచ్చిన ఈసాన్ యాత్రలోనే, ఆ మర్నాడో ఆ వారంలోనో, ఆయన జీపులోంచి ఆకాశం చూశారు. తల మీదుగా మబ్బులు పోతున్నాయి, కింద నేల నెర్రెలిచ్చి ఉంది. మబ్బు ఉండీ వాన ఎందుకు పడదని ఆలోచనలో పడ్డారు. పద్నాలుగేళ్ళు ఇంజనీర్లతో కూర్చుని చదివి, చర్చించి, 1969లో ఖావో యాయ్ అడవుల మీద విమానాల నుంచి మొదటిసారి రసాయనాలు చల్లించి మేఘమథనం చేయించారు. అది పెరిగి ఒక ప్రభుత్వ శాఖ అయింది, ఫోన్ లువాంగ్ అంటారు, రాచవాన అని. ఏటా ఎండాకాలం మొదలుకాగానే ఆ విమానాలు ఈసాన్ మీద, ఉత్తరాది జలాశయాల మీద ఎగురుతాయి. ఈమధ్య కొన్నేళ్ళుగా చలికాలంలో బ్యాంకాక్‌ను దుమ్ము, పొగ కమ్మేస్తే దాన్ని చెదరగొట్టడానికి కూడా వాటినే పంపుతున్నారు.